మా ఇంట్లో తొండ ముదిరి ఊసరవెల్లి అయింది

మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వండరు. అలాంటి ఇంటి గ్యారేజీలో ఒక చిన్న ఫ్రీజరు, దాని నిండా గడ్డకట్టిన ఎలుకలు ఉండేవి. పక్కనే ప్లాస్టిక్ డబ్బాలో, గుడ్ల అట్టల మడతల్లో బొద్దింకలు పెరుగుతుండేవి. ఆ అట్టలు కూడా పక్కింటివాళ్లను అడిగి తెచ్చినవే. "మన ఊళ్లో వీటిని చంపడానికి డబ్బు ఖర్చు పెడతారు, మీరు పెంచడానికి పెడుతున్నారు" అని మొదటి ఏడాదంతా మా ఆవిడ అంటూనే ఉంది. రెండో ఏడాది అనడం మానేసింది. అలవాటు పడిందనుకున్నాను. విసిగిపోయిందని తరవాత తెలిసింది.

మేముండేది అమెరికాలో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. మావాడికి కుక్కలు, పిల్లుల బొచ్చు పడదు. బొచ్చు లేని పెంపుడు జంతువు ఏదైనా కావాలని ఏడేళ్ల వయసులో మంకుపట్టు పట్టాడు. అలా 2018 ఆగస్టులో లెపర్డ్ గెకో అనే బల్లి వచ్చింది. పసుపు ఒంటిమీద నల్ల చుక్కలు. వాడే లడ్డూ అని పేరు పెట్టాడు. వీడియో కాల్‌లో తెనాలిలో ఉన్న మా అమ్మకు చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అంది: "బల్లి మీద పడితే తలస్నానం చేసి పంచాంగంలో ఫలితం చూసుకుంటాం. నువ్వు డబ్బిచ్చి కొని చేతిమీద పాకించుకుంటున్నావా నాయనా?"

లడ్డూ బల్లే గాని గోడ ఎక్కలేదు. మన ఇంటి బల్లికి వేళ్ల కింద ఉండే అంటుకునే మెత్తలు దీనికి లేవు. కనురెప్పలున్నాయి, కళ్లు మూసుకుని నిద్రపోతుంది. తోకలో కొవ్వు దాచుకుంటుంది. అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్, వాయవ్య భారతం దీని సొంత ఊళ్లు. దగ్గరి చుట్టం ఒకటి మన తూర్పు కనుమల్లోనూ ఉంది. సరిగ్గా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. జంతువుకు 40 డాలర్లు, దాని కాపురానికి 300. కింద హీట్ మ్యాట్, వేడి శ్రుతి మించకుండా థర్మోస్టాట్, నేల వేడిని కొలిచే థర్మామీటరు. దాక్కోవడానికి మూడు గూళ్లు: 32 డిగ్రీల వెచ్చనిది ఒకటి, 24 డిగ్రీల చల్లనిది ఒకటి, కుబుసం వదలడానికి తడి నాచు పరిచినది ఒకటి. ఈ మూడోదాన్ని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ రోజుల నోటుపుస్తకం నా దగ్గర ఇంకా ఉంది. ఒక రోజు ఇలా రాసుకున్నాను: "5 పురుగులు తింది. కాల్షియం పొడి చల్లాను. బరువు 38 గ్రాములు. రాత్రి కుబుసం వదిలింది. కాలివేళ్లు చూశాను, అన్నీ బాగున్నాయి." పంతులుగారికి భయపడే పిల్లవాడి చేతిరాత అది.

ఇక్కడితో ఆగి ఉంటే రాయడానికి ఏమీ ఉండేది కాదు.

నాకు చిన్నప్పటి నుంచి పోగుచేసే జబ్బుంది. తెనాలిలో అగ్గిపెట్టెల మీది బొమ్మలు కత్తిరించి పాత లెక్కల పుస్తకంలో అంటించేవాణ్ణి. ఒక వరసలో నాలుగు బొమ్మలుండి ఐదోది లేకపోతే అన్నం సయించేది కాదు. ఆ జబ్బు ఉద్యోగంతో, పెళ్లితో పోయిందనుకున్నాను. ఆర్లింగ్టన్‌లో జరిగే సరీసృపాల మేళాకు మావాణ్ణి తీసుకెళ్లిన రోజున తిరగబెట్టింది. పెద్ద హాలు, వరసగా బల్లలు, వాటి మీద చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో ప్రాణాలు. చీరల కొట్టులో కుర్రవాడు "ఇది చూడండమ్మా, ఇందులోనే ఇంకో రంగుంది" అని మడత మీద మడత విప్పుతాడే, అచ్చం అలాగే. లెపర్డ్ గెకోలోనే టాంజరిన్, మాక్ స్నో, బ్లిజార్డ్, రాప్టర్ అని రకాలు. జాతి ఒకటే, రంగులు మాత్రం పెంపకందార్లు తరాల తరబడి జతలు కట్టి తెచ్చినవి. లడ్డూ పక్కన ఒక తెల్లది ఉంటే వరస బాగుంటుంది కదా అనిపించింది. వరస అనే మాట మనసులోకి వచ్చినప్పుడే లేచి బయటికి వచ్చేయాల్సింది.

2019 మొదట్లో బియర్డెడ్ డ్రాగన్ వచ్చింది. ఆస్ట్రేలియా జంతువు, మన తొండల కుటుంబమే. ఆ జూన్‌లో యెమెన్ ప్రాంతపు ఊసరవెల్లి వచ్చింది. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని సామెత చెప్పి, ఇంటికొచ్చిన స్నేహితులను నవ్వించేవాణ్ణి. తరవాత బాల్ పైథాన్లు రెండు, కార్న్ స్నేక్ ఒకటి. 2020 మార్చి నుంచి ఇంటినుంచే ఉద్యోగం. రోజంతా ఇంట్లోనే ఉంటున్నాను, సమయం బోలెడు ఉందన్నది నా లెక్క. ఆ ఏడాది ముగిసేసరికి లెపర్డ్ గెకోలు 5, క్రెస్టెడ్ గెకోలు 4, పాములు 3, తొండ, ఊసరవెల్లి: మొత్తం 14.

నలుగురికి వండేచోట ఐదో విస్తరి భారమా అనుకుంటాం. అందరూ ఒకే వంట తినేచోట అది నిజం. నా గదిలో పరిస్థితి వేరు. క్రెస్టెడ్ గెకో పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియా దీవులది. అంతరించిపోయిందనుకుంటే 1994లో మళ్లీ కనబడింది. దానికి 28 డిగ్రీలు దాటితే ప్రాణం మీదికి వస్తుంది. అదే గదిలో తొండకు దీపం కింద 40 డిగ్రీల రాయి కావాలి. ఊసరవెల్లి గిన్నెలో నీళ్లు తాగదు, ఆకుల మీద జారే చుక్కలనే నాకుతుంది, కాబట్టి రోజుకు చాలాసార్లు తుంపర చల్లాలి. ఆ తుంపర పక్కనున్న తొండకు పడదు, దానికి పొడి గాలి కావాలి. బాల్ పైథాన్ పశ్చిమ ఆఫ్రికాది. ఒక్కోసారి నెలల తరబడి ఎలుకను ముట్టదు. అది దాని స్వభావమో జబ్బో తేల్చుకోవాలంటే పక్కన కూర్చుని గమనించాలి. పద్నాలుగు ప్రాణాలు, నాలుగు ఖండాల వాతావరణాలు, పన్నెండడుగుల గది. వీటి మధ్య కాఫీ కప్పుతో తిరుగుతూ దేవుడిలా సంతోషించే నేను.

నోటుపుస్తకం కంప్యూటర్లో పట్టిక అయింది. పట్టికలో వాక్యాలు పోయి టిక్కులు వచ్చాయి. కొన్నాళ్లకు ఆదివారం నాడు వారం మొత్తానికీ ఒకేసారి టిక్కులు పెట్టడం మొదలైంది. ఇప్పుడు ఆ పట్టిక చూస్తే 2020 అక్టోబరులో ప్రతి గడీ నిండి ఉంటుంది. లడ్డూ వేళ్లు పోయింది ఆ నెలలోనే.

కుబుసం వదిలేటప్పుడు తేమ చాలకపోతే వేళ్ల చివర పాత చర్మం ఉంగరంలా మిగిలిపోతుంది. ఎండేకొద్దీ బిగుస్తుంది. రక్తం ఆగిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నిలబెట్టి, తడి దూదితో మెల్లగా తీస్తే పోయేదానికి, చూడకపోతే వేలే పోతుంది. నేను చూడలేదు. తడిగూటిలో నాచు ఎప్పుడు ఎండిపోయిందో తెలియదు. చేతిలోకి తీసుకున్నప్పుడు మావాడు అన్నాడు: "నాన్నా, లడ్డూ వేళ్లు నల్లగా ఉన్నాయి." వారంలో కుడి ముందుకాలి రెండు వేళ్ల కొనలు రాలిపోయాయి. బాధ తెలిసినట్టు లడ్డూ ఏ సూచనా ఇవ్వలేదు. అది మామూలుగానే తిన్నది, మామూలుగానే పడుకుంది. సరీసృపాలతో అసలు చిక్కు ఇదే. కుక్కయితే మూలుగుతుంది, పిల్లయితే అరుస్తుంది. ఇవి ఒంట్లో బాగాలేకపోయినా, బాగున్నా ఒకే ముఖం పెట్టుకుని కూర్చుంటాయి. అడవిలో నలతగా కనబడిన జంతువును ఏదో ఒకటి తినేస్తుంది మరి.

అప్పుడైనా తగ్గించానా? లేదు. తేమ మీటర్లు ఆరు కొన్నాను. పోగుచేసేవాడికి పశ్చాత్తాపం కూడా కొనుగోలు రూపంలోనే వస్తుంది.

2021 ఫిబ్రవరి 14 ఆదివారం మంచు కురిసింది. పిల్లలందరూ వీధిలో ఆడుకున్నారు. సోమవారం తెల్లవారకముందే కరెంటు పోయింది. కాసేపట్లో వస్తుందన్నారు. మధ్యాహ్నం అరగంట వచ్చి మళ్లీ పోయింది. మంగళవారం ఉదయం డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల దాకా పడింది. 1949 తరవాత అంత చలి అక్కడ లేదు. టెక్సాస్ అంతటా లక్షల ఇళ్లు చీకట్లో ఉన్నాయి. ఇక్కడి ఇళ్లు ఎండను తట్టుకోవడానికి కట్టినవి, చలిని కాదు. మా హాల్లో 9 డిగ్రీలకు వచ్చింది.

పద్నాలుగు హీటర్లు, దీపాలు ఒకేసారి ఆరిపోయిన గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు ఆ తెల్లవారుజామున తెలిసింది.

గ్యాసు పొయ్యి ఉండబట్టి బతికాం. అగ్గిపుల్లతో వెలిగించి నీళ్లు మరిగించాం. ఎలుకల పార్సిళ్లు వచ్చే థర్మోకోల్ పెట్టెలు గ్యారేజీలో నాలుగున్నాయి. పారేయమని మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా పారేయలేదు. చచ్చిన ఎలుకలు చల్లగా ఉండటానికి వచ్చిన పెట్టెల్లోనే బతికున్నవాటిని వెచ్చగా దాచాం. గెకోలను గాలి రంధ్రాలున్న చిన్న డబ్బాల్లో పెట్టి, వేడినీళ్ల సీసాలను తువ్వాలులో చుట్టి మధ్యలో ఉంచాం. సీసా నేరుగా తగిలితే కాలిపోతాయి, దూరమైతే లాభం లేదు. రెండు గంటలకోసారి మార్చాలి. పాములను దిండు గలీబుల్లో వేసి మూతి ముడివేసి, పైథాన్లు రెండింటినీ నా కోటు లోపల, ఒంటికి ఆనించి కట్టుకున్నాను. చలిలో దేనికీ తిండి పెట్టలేదు. ఒళ్లు చల్లబడితే అరగదు, తిన్నది కడుపులోనే కుళ్లుతుంది. కారును గ్యారేజీలోంచి బయటికి తీసి, వాకిట్లో ఇంజను నడుపుతూ తొండనూ ఊసరవెల్లినీ హీటరు ముందు కూర్చోబెట్టాను. గ్యారేజీలోనే నడిపితే పొగకు మనుషులే పోతారు. ఆ వారం టెక్సాస్‌లో అలా పోయినవాళ్లున్నారు కూడా.

చేతులు వెచ్చబెట్టుకునే పొట్లాలు ఇంట్లో ఆరు దొరికాయి. వాటిని పట్టుకుని మావాడు పెట్టెల ముందు నిలబడ్డాడు. "నాన్నా, ముందు దేనికి?" అన్నాడు.

జవాబు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. వాడికి లడ్డూకివ్వాలని ఉంది, నావైపు చూశాడు. నిజానికి లడ్డూకు అవసరం తక్కువ. లెపర్డ్ గెకోలు కొన్ని చల్లని రోజులను ఓర్చుకోగలవు, క్రెస్టెడ్ గెకోలు ఇంకా బాగా. ముందు పైథాన్లు, తరవాత తొండ, ఊసరవెల్లి. ఇది చెబుతున్నప్పుడే ఇంకొకటి గమనించాను. పెట్టెల్లో రెండు క్రెస్టెడ్ గెకోల్లో ఏది ఏదో నాకు తేల్చుకోవడం కష్టమైంది. వాటి బరువులు ఎంతో, ఆ నెలలో ఎంత తిన్నాయో కూడా గుర్తు లేదు. పట్టికలో టిక్కులున్నాయి, కంప్యూటర్ మాత్రం ఆరిపోయి ఉంది.

సోమవారం రాత్రి మూడింటికి నాకు కునుకు పట్టింది. లేచి చూస్తే మా ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి సీసాలు నింపుతోంది. ఆ మూడేళ్లలో వాటిలో ఒక్కదాన్నీ ముట్టుకోని మనిషి. "మీకు ఇష్టమైతే నేను కాదనను. కానీ ఇష్టం ఇన్నింటి మీదా ఉందా?" అంది. నా కోటులోంచి పైథాన్ తల బయటపెట్టింది. ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం.

బుధవారం రాత్రి కరెంటు నిలకడగా వచ్చింది. పద్నాలుగూ బతికి ఉన్నాయి. స్నేహితులకు ఫోను చేసి గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఎనిమిదో రోజున ఊసరవెల్లి నోరు తెరిచి ఊపిరి తీయడం మొదలుపెట్టింది.

అరుదైన జంతువులను చూసే డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ అంది. మూడు రోజులకోసారి ఇంజెక్షన్ రాసింది. తరవాత ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి ఇంకోచోట వేలు పెట్టింది. ఎముకలు పలచగా ఉన్నాయి, ఇది వారం రోజుల చలితో వచ్చేది కాదు అంది. "అతినీలలోహిత ట్యూబు ఎప్పుడు మార్చారు?"

ఆ ట్యూబు జంతువుతో పాటు 2019 జూన్‌లో కొన్నది. ఇరవై నెలలు. ఏడాదికోసారి మార్చమని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఆ కిరణాలు లేకపోతే ఒంట్లో డి విటమిన్ తయారు కాదు, అది లేకపోతే ఎంత కాల్షియం చల్లినా ఎముకకు పట్టదు. మోసమేమిటంటే ట్యూబు వెలుగుతూనే ఉంటుంది. మన కంటికి కనబడే వెలుగు తగ్గదు, కనబడని కిరణాలే పోతాయి. రోజూ ఉదయం స్విచ్ వేసి, వెలిగింది కదా అని వెళ్లిపోయేవాణ్ణి. మూడో ఇంజెక్షన్‌కు ముందురోజు ఊసరవెల్లి పోయింది. చలికి పోయిందని అందరికీ చెప్పాను. ఇంట్లో మా ముగ్గురికీ మాత్రం తెలుసు.

పెరట్లో గొయ్యి తీసి వచ్చాక ఒక వారం రోజులు ఫోనులో గడియారం పెట్టుకుని పనిచేశాను. ఏ పనీ వదలకుండా, ప్రతి జంతువునూ కళ్లారా చూస్తూ, బరువులు తూస్తూ, నాచు తడుపుతూ. మిగిలిన పదమూడింటికి రోజుకు గంటా యాభై నిమిషాలు పట్టింది. అంతకు ముందు నేనిస్తున్నది నలభై నిమిషాల లోపే. పైగా అది మంచి వారం. ఆఫీసులో ఒత్తిడి లేదు, ఇంట్లో ఎవరికీ జ్వరం లేదు. ప్రాజెక్టు గడువు వచ్చే వారం, పిల్లవాడికి ఒళ్లు కాలిపోయే వారం నేను ఎంత చేయగలనో నిజాయతీగా రాసుకుంటే అరగంట తేలింది. అరగంటలో నాలుగు.

నాలుగు అనుకోవడం తేలిక, తొమ్మిదింటిని పంపడానికి ఏడు నెలలు పట్టింది. మొదట ఉచితంగా ఇస్తానన్నాను. వెంటనే పాతికమంది వచ్చారు, అందరూ నాలాంటివాళ్లే. ఒకాయన మూడు క్రెస్టెడ్ గెకోలనూ ఒకేసారి తీసుకుంటానన్నాడు. ఆ కళ్లలో మెరుపు నాకు బాగా తెలిసినది. "ఒకటి తీసుకెళ్లండి, ఆరు నెలల తరవాత మాట్లాడదాం" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. ఆ తరవాత ధర పెట్టాను, పైగా ఒక షరతు పెట్టాను: తొట్టె ముందే సిద్ధం చేసి, మూడు రోజులు వరసగా ఉష్ణోగ్రత ఫోటోలు పంపాలి. చాలామంది రెండో రోజుకే మానేశారు. పంపినవాళ్లకు తొట్టె, దీపాలు, థర్మోస్టాట్ ధర లేకుండా ఇచ్చేశాను. పెరట్లోనో చెరువు గట్టునో వదిలేస్తే సరిపోదా అని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఫ్లోరిడాలో ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవులను ఇప్పుడు మింగేస్తున్న బర్మా కొండచిలువలు పెంపకం నుంచి తప్పించుకున్నవీ, ఇలా వదిలేసినవీ కన్న సంతానమే.

హైదరాబాదు నుంచి మా పెదనాన్నగారి అబ్బాయి కూడా ఫోను చేశాడు. అక్కడ ఎవరో నక్షత్ర తాబేలు ఇస్తానన్నారట, ఇంట్లో ఉంటే కలిసొస్తుందట. "అన్నయ్యా, కలిసొచ్చేది అటవీశాఖ వాళ్ల జీపు" అన్నాను. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం. 2019 నుంచి అంతర్జాతీయ వ్యాపారంలోనూ దానిది అత్యంత కఠినమైన జాబితా. ఆఖరికి విదేశీ బాల్ పైథాన్‌ను పెంచుకోవాలన్నా 2024 నుంచి మన దేశంలో నమోదు చేయించాలి. ఆయనకు నా మాట రుచించలేదు, కానీ తాబేలు మాత్రం తెచ్చుకోలేదు.

ఏ నాలుగు ఉండాలన్నది తేల్చుకోవడం మాత్రం అనుకున్నంత కష్టం కాలేదు. అందమైనవి ముందే వెళ్లిపోయాయి. తెల్లదాన్ని, నా వరసలో రెండోదాన్ని, ఒక నర్సమ్మ తీసుకెళ్లింది. ఇప్పటికీ నెలకో ఫోటో పంపుతుంది. వేళ్లు పోయిన లడ్డూను ఇవ్వాలని మేమెవరం అనుకోలేదు. తొండ నాతో పాటు ముసలిదవుతోంది. పైథాన్లలో ఒకటి స్పైడర్ అనే రంగు రకం. గీతలు ఎంతో అందంగా ఉంటాయి, ఆ గీతలిచ్చే జన్యువుతోనే తల ఊగే జబ్బు కూడా వస్తుంది. ఎలుకను పట్టబోయి గురి తప్పుతుంది, ఒక్కోసారి తల తలకిందులుగా పెట్టుకుని ఉండిపోతుంది. కొన్నప్పుడు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ అది తల తిప్పగానే వెనక్కి తగ్గారు. అది ఉండిపోయింది. నాలుగోది మావాడు ఎంచుకున్న క్రెస్టెడ్ గెకో.

జబ్బు నయమైందని చెప్పను. 2023లో ఆర్లింగ్టన్ మేళాకు మళ్లీ వెళ్లాను, చూడటానికే అని చెప్పి. గార్గాయిల్ గెకో ఒకటి, ఒళ్లంతా ఎర్రగీతలతో, కప్పులోంచి నన్నే చూస్తోంది. మూడుసార్లు ఆ బల్ల దగ్గరికి వెళ్లాను. కొనలేదు. ఇంటికొచ్చి గ్యారేజీలో మిగిలిన ఒకే ఒక ఖాళీ తొట్టెను కడిగి పెట్టాను. దానికి మొక్కలు, దీపం, తేమ మీటరు అన్నీ అమర్చి, లోపల జంతువు ఉన్నట్టే 90 రోజులు చూసుకోవాలని నిర్ణయించాను. రోజూ రెండు పూటలా తుంపర, ఉష్ణోగ్రత, నోటుపుస్తకంలో ఒక వాక్యం. 90 రోజులు నిండితే కొనుక్కోవచ్చు. ఖాళీ తొట్టెకు నీళ్లు చల్లే నన్ను చూసి మా అమ్మ ఫోనులో, "ముందు బల్లి, ఇప్పుడు బల్లి లేని గూడు, ఏదైనా శాంతి చేయించమంటావా?" అంది.

41వ రోజు గడి ఖాళీగా ఉంది. ఆరోజు ఏమి పనిపడిందో గుర్తు కూడా లేదు. తొట్టెను ఆ వారంలోనే అమ్మేశాను.

నిన్న రాత్రి లడ్డూ కుబుసం వదిలింది. ఈ ఉదయం తూచాను, 61 గ్రాములు. నాచు తడిపాను. దీపం కింద చేతిలోకి తీసుకుని కాలివేళ్లు చూశాను. పద్దెనిమిదీ ఉన్నాయి.